చేపల ఐసులో టీకా మందు

నా చిన్నప్పుడు నాకు అప్పగించిన పని ఏదీ అప్పగించినట్టుగా తిరిగి వచ్చేది కాదు. పాలు చూస్తూ ఉండమంటే పొంగి పొయ్యి ఆరిపోయేదాకా చూస్తూనే ఉండేదాన్ని. చూడమన్నారు గానీ దించమనలేదు కదా అని నా వాదన. బట్టలు తీయమంటే వాన వెలిశాక తీసేదాన్ని. మా నాయనమ్మ నన్ను చూపించి, "దీనికి పని చెప్పడం కంటే మనం చేసుకోవడమే విశ్రాంతి" అనేది. అలాంటి నన్ను నమ్మి మా పక్కింటి అక్క ఒకరోజు టీకా మందుల పెట్టె నా ముందు పెట్టి వెళ్లింది. నలభై మంది పసిపిల్లలకు సరిపడా మందు. అప్పటికి నాకు పదేళ్లు.

మేం విశాఖపట్నంలో పోర్టు క్వార్టర్సులో ఉండేవాళ్లం. నాన్న పోర్టులో క్రేను నడిపేవారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఎన్నేళ్లయినా మాటకు ముందొక 'ఆయ్', వెనకొక 'అండి' లేకుండా ఆయనకు వాక్యం నిలబడేది కాదు. పక్కింటి అక్కది భీమిలి. ఆరోగ్య కేంద్రంలో నర్సు. సాయంత్రం వాళ్ల వంటింట్లో కిరసనాయిలు స్టవ్వు మీద గాజు సిరంజిలు, సూదులు నీళ్లలో మరుగుతూ ఉండేవి. అవి గలగలమంటుంటే అక్క చర్చి పాటలు పాడుకునేది. మా అమ్మ పప్పు ఉడుకుతుంటే పాడినట్టే.

ఆ ఏడాది మాకు దగ్గర్లోని జాలరిపేటలో కోరింత దగ్గు మొదలైంది. ఆ దగ్గు విన్నవాళ్లు మరిచిపోరు. పిల్లవాడు ఊపిరి అందకుండా దగ్గి దగ్గి, చివర్లో గాలి లోపలికి లాక్కునేటప్పుడు కొక్కెర అరిచినట్టు ఒక కూత వస్తుంది. మొహం నల్లబడుతుంది. పెద్ద పిల్లలు నెలా రెండు నెలలు బాధపడి తేరుకుంటారు, పసిగుడ్లకు మాత్రం ఆ కూత పెట్టేంత బలం కూడా ఉండదు. మాకు చేపలు తెచ్చే ఆమెను అప్ప అని పిలిచేవాళ్లం, ఆమెకు రెండు నెలల మనవరాలు ఉంది. వాళ్ల సందులో అప్పటికే ఇద్దరు పిల్లలు దగ్గుతున్నారు. మా ఇంట్లో మూడు నెలల తమ్ముడు. వాడికి ఒక సూది పడింది, రెండోది పడాలి.

ఒకసారి సూది పొడిచాక మళ్లీ ఎందుకని అక్కను అడిగాను. తమ్ముడి మీద జాలితో కాదు, ఆ ఏడుపు రాత్రంతా వినాల్సింది నేను కనక. అక్క కిటికీలోంచి హార్బరు వైపు చూపించింది. తుఫాను వచ్చే ముందు పోర్టులో ప్రమాద సూచిక ఎగరేస్తారు కదా, అది చూసి పడవలన్నీ కట్టేసుకుంటారు కదా, టీకా కూడా అంతే అంది. తుఫాను కాదు, తుఫాను గుర్తు మాత్రమే ఒంటికి చూపిస్తాం. మొదటిసారి ఒళ్లు ఆ గుర్తు చూస్తుంది, రెండోసారి పోల్చుకుంటుంది, మూడోసారికి ఎక్కడ కనబడ్డా తాళ్లు బిగించేస్తుంది. మరి ఒక ఇంట్లో వేసుకుంటే చాలదా, అందరికీ ఎందుకు అన్నాను. "గాలివానలో కట్టని పడవ ఒక్కటి చాలమ్మా, కట్టిన పడవల్ని గుద్దీడానికి" అంది. జాలరిపేటలో ఈ మాట ఇంకెవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

మాటల్లో అనుకున్న తుఫాను ఆ వారం నిజంగానే వచ్చింది. రెండు రోజులు కరెంటు లేదు, రోడ్ల మీద చెట్లు పడ్డాయి. దారి మూసుకుపోతుందని అక్క తుఫానుకు ముందురోజే పెద్దాసుపత్రి నుంచి మందుల పెట్టె తెచ్చి ఇంట్లో ఉంచుకుంది. గాలివాన తగ్గిన మర్నాడు మధ్యాహ్నం జాలరిపేటలో వలలు బాగుచేసుకునే షెడ్డులో పిల్లలకు సూదులు వెయ్యాలి. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి తల్లులను పిలవడానికి బయల్దేరుతూ, బడి లేక గోళ్లు గిల్లుకుంటున్న నా ముందు ఆ పెట్టె పెట్టింది. "మూత తియ్యకు. ఎండ తగలనివ్వకు. అంతే" అని వెళ్లింది.

గంటసేపు బుద్ధిగా కూర్చున్నాను. నా చరిత్రలో అదొక రికార్డు. తరవాత పెట్టె కింద తడి కనిపించింది. ఐసు కరుగుతోంది! అక్క చెప్పిన రెండు ముక్కల్లో మొదటిదాన్ని మరిచిపోయి మూత తీశాను. లోపల ఐసు ముక్కలు సగానికి సగం నీళ్లయ్యాయి. మధ్యలో మందు సీసాలు కాగితాల్లో చుట్టి ఉన్నాయి. పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. ఈసారైనా చూస్తూ కూర్చోకూడదనుకున్నాను. జీవితంలో మొదటిసారి చొరవ తీసుకున్నది ఆ రోజే. తీసుకోకుండా ఉండాల్సిందీ ఆ రోజే.

సరిగ్గా అప్పుడే చేపల అప్ప వచ్చింది. చేపల్లేవు, ఖాళీ తట్టతో ఊసులాడ్డానికి వచ్చింది. పెట్టెలోకి తొంగి చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఓలమ్మ! ఇదేటే గుంటా, ఐసంతా నీరైపోనాది! మందులు కుల్లిపోవా?"

"ఏం చెయ్యాలి అప్పా?"

"ఏటి సెయ్యడమేటి? పడవలెల్లక మా ఐసు ఊరికే కరిగిపోతంది. తట్టడు తెత్తాను ఉండు. మీ ఇంట్ల కల్లుప్పుందా? ఉప్పేసి కప్పెట్టీసినావంటే రేపటికి గూడా రాయిలాగుంటాది. మా సేపలు ఎగువూర్లకి అలాగే గదా ఎల్తాయి!"

ఇంతకంటే పెద్ద ప్రమాణం నాకేం కావాలి? పుల్ల ఐసు బండివాడు కూడా ఉప్పే వేస్తాడని నాకు ముందే తెలుసు. అప్ప తట్ట నిండా ఐసు తెచ్చింది. నేను వంటింట్లోంచి నాలుగు గుప్పిళ్ల ఉప్పు తెచ్చాను. సీసాలకు చుట్టిన కాగితాలు చలి తగలనివ్వవని, ఓపిగ్గా ఒక్కొక్కటే విప్పి పారేశాను. ఒక వరస ఐసు, ఒక వరస సీసాలు, పైన ఉప్పు. వంజరం చేపల్ని సర్దినంత ముద్దుగా సర్దింది అప్ప. ఇద్దరం మూత బిగించి దాని మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాం. అప్ప తన మనవరాలికి కూడా అందులోంచే సూది పడుతుందని మురిసిపోయింది.

మధ్యాహ్నం అక్క వచ్చింది. మేం చెప్పకముందే మూత తీసి చూసింది. తరవాత ఒక సీసా తీసి వెలుతురుకు పెట్టింది. లోపల మందు గడ్డకట్టి తెల్లటి రాయిలా ఉంది.

"నా ఐసు ఇంకో పూట ఆగేదమ్మా" అంది మెల్లగా. అంతే. అరిస్తే బాగుండేది.

"మేలు సేద్దామనే సేసినాం నర్సమ్మా" అంది అప్ప. అక్క ఆమెను కూర్చోబెట్టి, సీసాను అరచేతుల్లో పెట్టుకుని కరిగించింది. తుఫానుకు ముందు వాడగా కొంచెం మిగిలిన సీసా ఒకటి తన ఫ్లాస్కులోంచి తీసింది. తెరిచింది కనక ఇక వాడదు, పోల్చి చూడ్డానికి. రెండింటినీ ఊపి కిటికీలో పక్కపక్కన నిలబెట్టి చూడమంది. ఊపగానే రెండూ పాలు కలిపిన నీళ్లలా ఒకేలా ఉన్నాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ కాసేపట్లో మా సీసాలో విరిగిన పాలలాగా రేకులు తేలాయి. చూస్తుండగానే అవి అడుక్కి దిగి, పైన తేటనీరు మిగిలింది. రెండోది ఇంకా తెల్లగానే ఉంది. వేడి తగిలితే మందు పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకడితే కూడా చచ్చిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. కాగితాలు చుట్టింది ఐసు నేరుగా తగలకూడదనే. పోలియో చుక్కల మందుకు మాత్రం గడ్డకట్టినా ఏమీ కాదట. కోరింత దగ్గుకు, కంఠవాతానికి, ధనుర్వాతానికి కలిపి వేసే సూదిమందూ, గర్భిణులకు వేసే ధనుర్వాతం మందూ పూర్తిగా పోయాయి.

నేను ఏడుపు మొదలుపెట్టాను. అక్క నా మొహం కొంగుతో తుడిచి, "నువ్వేం మాటాడకు, నేను చూసుకుంటాను" అంది.

షెడ్డు నిండా తల్లులు. ఒళ్లో పిల్లలు. అక్క అందరి ముందూ నిలబడి, సూదిమందు పాడైందనీ, పొరపాటు తనదేననీ, ఎల్లుండి కొత్త మందు తెస్తాననీ చెప్పింది. నేను అప్ప వెనక దాక్కున్నాను. అప్ప ఇంకొకరి వెనక దాక్కుంది.

"పన్లు మానుకొని వచ్చినాం కదా నర్సమ్మా" అని విసుక్కుందొక ముసలామె. "ఉన్నదే ఏసీయ్! మందు మందే గదా, ఏటవుద్ది?"

"ఏటీ అవ్వదు మామ్మా, అదే నాకు బయ్యం" అంది అక్క. "పిల్ల ఏడుత్తాది. సూది పడిపోనాదని నువ్వు దైర్యంగా పడుకుంటావు. దగ్గొచ్చిన్నాడు లోపల కాపలా ఎవడూ ఉండడు."

పోలియో చుక్కలు వేయించుకుని అందరూ వెళ్లిపోయారు. ఆ సాయంత్రం అక్క పై డాక్టరుకు కాగితం రాస్తుంటే చూశాను. అందులోనూ నా పేరు లేదు. నేను బతికిపోయాననుకున్నాను.

మర్నాడు తెలిసింది, బతికింది నేనొక్కదాన్నేనని. అక్క చెట్లు పడిన దారిలో సగం నడిచి, సగం బస్సెక్కి పోయి కొత్త మందు తెచ్చింది. తీరా ఇల్లిల్లూ తిరిగితే తలుపులు మూసేస్తున్నారు. కరెంటు లేక మా నీళ్లు ఆగిపోతే, జాలరిపేట వీధి కుళాయి దగ్గర నేను బిందెతో నిలబడి ఉండగా నా చెవులతో విన్నాను.

"సర్కారోల్లు కుల్లిన మందు పంపించీసినారట!"

"నర్సమ్మ మంచిది గాబట్టి సెప్పింది. లేపోతే పొడిసీదురు పిల్లలకి."

"ఇప్పుడు తెచ్చింది మాత్రం మంచిదని నమ్మకమేటి? నా పిల్లకొద్దు బాబూ."

ఆ చివరి మాట అన్నది చేపల అప్ప కూతురు. చంకలో ఆ రెండు నెలల పసిది. గుప్పిట నోట్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. పక్క ఇంట్లోంచి ఆ దగ్గు, చివర ఆ కూత వినిపించింది. కుళాయి దగ్గర ఆడవాళ్లందరూ ఒక్క క్షణం ఆగి, మళ్లీ బిందెలు సర్దుకున్నారు.

నాకు అంతా అర్థమైందని చెప్పను, అంత తెలివి ఇప్పటికీ లేదు. ఒక్కటి మాత్రం తెలిసింది. నేను నోరు మూసుకుని ఉన్నంతసేపూ తప్పు మందు మీదే ఉంటుంది. మందుకు నోరు లేదు. నాకుంది. మా నాయనమ్మ లెక్కలో అయితే కాస్త ఎక్కువే ఉంది. బిందె కింద పెట్టాను.

"అది మంచి మందే. పాడుచేసింది నేను" అన్నాను. "చేపల ఐసులో కప్పెట్టాను. ఉప్పు వేసి."

అందరూ నా వైపు తిరిగారు.

"ఉప్పేసినావా?" అంది అప్ప కూతురు.

"నాలుగు గుప్పిళ్లు."

ఉప్పు తగిలిన ఐసు ఇంకా చల్లబడి, తాకినదాన్నల్లా గడ్డకట్టిస్తుందని ఆ పేటలో పాలు తాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. ఒకామె బిందె వదిలేసి చప్పట్లు చరిచింది. "ఓలమ్మో! మందుని ఉప్పుసేప సేసీసిందర్రా ఈ గుంట!" ఇక చూడాలి నవ్వులు. నవ్వి నవ్వి ఒకరి మీద ఒకరు పడ్డారు. నేను అక్కడే కరిగిపోదామనుకున్నాను.

ఆ నవ్వుల వెనక నుంచి అప్ప గొంతు వినబడింది. "సిన్నపిల్లని సూసి ఏటా నవ్వులు? ఐసు తెచ్చింది నాను. ఉప్పెయ్యమన్నది నాను. సర్దింది గూడా నానే." నవ్వులు ఆగాయి. కూతురు తల్లి వైపు తిరిగింది.

"మరి నిన్ననే సెప్పొచ్చు కదే అమ్మా?"

"సిగ్గేసింది" అంది అప్ప. ఏళ్ల తరబడి ఎండలో చేపల తట్ట మోసిన మనిషి, కొత్తకోడలిలా నేలచూపులు చూసింది. ఆ సిగ్గులో నాకు సగం వాటా ఉంది కనక పక్కకు వెళ్లి నిలబడ్డాను.

మర్నాడు షెడ్డుకు తల్లులు వచ్చారు. అందరూ కాదు, ఇద్దరు ముగ్గురు రాలేదు. అక్క ఆ తరవాతి వారం వాళ్ల ఇళ్లకే వెళ్లింది. వరసలో అందరికంటే ముందు అప్ప కూతురు నిలబడింది. సూది పొడిచే ముందు ఆమె అక్కను సీసా ఊపి చూపించమంది. అక్క ఊపి చూపించింది. ఆమె వెనకున్నామె కూడా అడిగింది. ఆ వెనకామె కూడా. అంతమందికీ విసుగు లేకుండా ఊపి చూపించింది అక్క. మా తమ్ముడు పేట మొత్తానికీ వినబడేలా ఏడ్చాడు. వాడి ఏడుపు నాకు అంత తియ్యగా ఎప్పుడూ వినబడలేదు.

అన్నిటికంటే నేను మరిచిపోలేనిది ఆ ఉదయం సంగతి. షెడ్డుకు వెళ్లే ముందు అక్క నీళ్లూ సబ్బూ తేవడానికి లోపలికి వెళుతూ, అదే మందుల పెట్టెను మళ్లీ నా ముందే పెట్టింది. మా నాయనమ్మ గుమ్మంలోంచి చూసి, "దానికేనా!" అని బుగ్గలు నొక్కుకుంది.

"దానికే పిన్నిగారూ" అంది అక్క. "ఊరు మొత్తమ్మీద ఈ పెట్టె సంగతి దీనికే బాగా తెలుసు." తరవాత నా పక్కన ఒక్క నిమిషం కూర్చుని, నాకు మాత్రమే వినబడేలా చెప్పింది. "నిన్ను ఎవరూ ఏమీ అనకూడదని తప్పు నా మీద వేసుకున్నానమ్మా. దానివల్ల అందరూ మందును అనుమానించారు. నేనూ నీలాగే ఎక్కువ ఐసు వేసేశాను." ఒక పెద్దమనిషి నా దగ్గర తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. తను నీళ్లు తెచ్చేదాకా పెట్టె మీద చెయ్యి కూడా వెయ్యకుండా కూర్చున్నాను. ఏమీ చెయ్యకపోవడం ఎంత కష్టమైన పనో అప్పుడే తెలిసింది.

అప్ప మనవరాలికి నెలకొకటి చొప్పున మూడు సూదులూ పడ్డాయి. ఆ సందులో దగ్గు ఇంకో రెండు నెలలు తిరిగింది, ఆ పిల్లను మాత్రం తాకలేదు. అంతా సూది మహిమేనని అక్క కూడా అనలేదు. మొదటి సూదితోనే తాళ్లన్నీ బిగుసుకోవు కదా, అందుకే దగ్గే పిల్లల్ని ఆ ఇంటి గుమ్మం తొక్కనివ్వొద్దని రోజూ వచ్చి చెప్పి వెళ్లేది.

ఇప్పుడు నేను ఉక్కునగరంలో మా అబ్బాయి క్వార్టరులో ఉంటున్నాను. మొన్న మా కోడలు మొహం చిన్నబుచ్చుకుని కూర్చుంది. మనవడికి ఏడాదిన్నరకు వెయ్యాల్సిన బూస్టరు డోసు తేదీ దాటి రెండు నెలలైంది. కార్డు బీరువాలో చీరల కింద ఉండిపోయింది. ఆరోగ్య కేంద్రంలో నర్సు తిడుతుందని, పిల్లాడికి జ్వరం వచ్చిందని చెప్దామా, కార్డు పోయిందని చెప్దామా అని నన్ను సలహా అడిగింది. అబద్ధాలు అమర్చడంలో నాకు మంచి పేరుందని కాబోలు. నేను సలహా ఇవ్వలేదు. ఉప్పుచేప కథ చెప్పాను. కోడలు నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, కార్డు తీసుకుని బయల్దేరింది.

కేంద్రంలో తనే ముందుగా చెప్పింది, "రెండు నెలలు ఆలస్యమైందండీ, నేనే మర్చిపోయాను" అని. ఆ నర్సు అమ్మాయి తిట్టలేదు. "పర్లేదమ్మా, మళ్లీ మొదట్నించి అక్కర్లేదు, ఆగిన దగ్గర్నించి ఏసేద్దాం" అంది. నేను ఊరుకుంటానా? సీసా ఒకసారి చూపించమన్నాను. ఆమె సీసా మీదున్న చిన్న చదరం చూపించింది. వేడి తగిలితే దాని రంగు మారిపోతుందట. మరి గడ్డకడితే అన్నాను. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

"అది ఈ గుర్తు సెప్పదు మామ్మగారూ. దానికి ఇప్పటికీ ఊపి సూడాల్సిందే. మీకెలా తెలుసు?"

"నేను నలభై మందికి సరిపడా మందు చంపాను" అన్నాను. పక్కనున్న తల్లులు ఉలిక్కిపడి చూశారు. ఎవరికైనా టీకా మంచిదని చెప్పేముందు నా తప్పు నేను చెప్పుకోవడం ఆ కుళాయి దగ్గర పడిన అలవాటు. ఇప్పటికీ వదల్లేదు. అందరికీ మొత్తం కథ చెప్పేసరికి మా వంతు వచ్చింది. వెళ్లేముందు ఆ నర్సే గుర్తు చేసింది, నా వయసు వాళ్లకూ ఫ్లూ టీకా ఉంటుంది కదా, వేయించుకున్నారా అని. లేదన్నాను. ఆలస్యం నాదేనని కూడా చెప్పాను. కోడలు నా వైపు చూసి ఇంతలేసి కళ్లు చేసింది. వచ్చే వారం ద్వారకా నగర్‌లో నన్ను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లే బాధ్యత తన మీద వేసుకుంది.

మనవడు సూదికి ఒక్క గావుకేక పెట్టి, నా భుజం మీద వాలి ఎక్కిళ్లు పెడుతున్నాడు. వాడి తల నిమురుతూ అందరు నాయనమ్మల్లాగే, "చల్లగా ఉండు నాన్నా" అన్నాను. అని, అలవాటు కొద్దీ లోపల ఇంకో మాట కలుపుకున్నాను: మరీ గడ్డకట్టేంత కాదు.